తులసీ గబ్బార్డ్ నిజంగా యుద్ధాలకు వ్యతిరేకమేనా? తరచుగా అడిగే ప్రశ్నలు

2020 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో డెమోక్రటిక్ అభ్యర్థిత్వం కోసం ఇరవై మందికి పైగా పోటీపడ్డారు. వాళ్లలో యుద్ధాల సంగతినే తన ప్రచారానికి ఆయువుపట్టుగా చేసుకున్న నాయకురాలు తులసీ గబ్బార్డ్. మన తెలుగువాళ్లలో చాలామందికి ఆమె అంతకుముందే తెలుసు. అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన తొలి హిందువు, 2013లో భగవద్గీత మీద ప్రమాణం చేసిన మనిషి. అందుకే ఆమె పేరు వినగానే అభిమానమో అనుమానమో ముందే సిద్ధంగా ఉంటుంది, రికార్డు చూసే ఓపిక మాత్రం ఉండదు. ఈ పేజీ ఆ రికార్డు గురించి.

సూటిగా చెప్పండి. ఆమె జోక్య వ్యతిరేకా, కాదా?

సగం అవును, సగం కాదు. పరాయి దేశాల ప్రభుత్వాలను కూల్చడానికి అమెరికా చేసే యుద్ధాలను ఆమె నిజాయితీగా, ఏళ్ల తరబడి, సొంత పార్టీకి ఎదురు నిలిచి మరీ వ్యతిరేకించారు. కానీ ఉగ్రవాదుల పేరుతో పరాయి దేశాల మీద బాంబులు వేయడాన్ని వ్యతిరేకించలేదు సరికదా, అది చాలడం లేదని అధ్యక్షుణ్ని నిలదీశారు. 2001 తర్వాత అమెరికా చేసిన సైనిక జోక్యంలో ఎక్కువ భాగం ఈ రెండో రకమే. కాబట్టి ఆమెను యుద్ధ వ్యతిరేకి అనడం పొరపాటు. ఆమె వ్యతిరేకించింది ఒక రకం యుద్ధాన్ని.

జోక్యం అంటే సైన్యాన్ని పంపడమే కదా? ఇన్ని రకాలు ఎందుకు?

సైన్యాన్ని పంపడం ఒక్కటే అయితే లెక్క సులువే. 2003లో ఇరాక్‌ మీదికి నేరుగా దండెత్తారు. 2011లో లిబియాలో నేల మీద కాలు పెట్టకుండా నాటో విమానాలతో గడాఫీ ప్రభుత్వం కూలేదాకా బాంబులు వేశారు. సిరియాలో తిరుగుబాటుదారులకు సీఐఏ ద్వారా ఆయుధాలు, శిక్షణ ఇచ్చారు. 2015 మార్చిలో సౌదీ అరేబియా యెమెన్ మీద యుద్ధం మొదలుపెడితే, దాని విమానాలకు ఆకాశంలోనే ఇంధనం నింపారు, బాంబులు అమ్మారు. పాకిస్తాన్, సోమాలియాల్లో డ్రోన్లు నడిపారు. ఇరాన్, క్యూబాల మీద ఆంక్షలు పెట్టారు. ఇవన్నీ జోక్యమే. ఒక అభ్యర్థి వీటిలో దేన్ని కాదంటున్నాడు, దేని గురించి మాట్లాడకుండా ఊరుకుంటున్నాడు అన్నది చూడకపోతే అసలు సంగతి బోధపడదు.

ఈ మధ్యకాలపు అభ్యర్థుల్లో దాదాపు అన్నిటికీ అడ్డం చెప్పినవాడు టెక్సాస్‌కు చెందిన రాన్ పాల్. 2008, 2012 రిపబ్లికన్ ప్రైమరీల్లో నిలబడి, విదేశాల్లోని స్థావరాలు ఎత్తేయాలని, విదేశీ సాయం ఆపాలని, ఇరాన్ మీద ఆంక్షలు వద్దని అన్నాడు. అంతటి వాడూ 2001 సెప్టెంబరులో ఉగ్రవాదం మీద సైనిక బలప్రయోగానికి అనుమతించే తీర్మానానికి ఓటు వేశాడు. ఆ రోజు ప్రతినిధుల సభలో 420 మంది సరే అంటే, కాదన్నది కాలిఫోర్నియాకు చెందిన బార్బరా లీ ఒక్కరే. గట్టి కొలబద్ద కావాలంటే అదే.

గబ్బార్డ్‌కి ఈ అభిప్రాయం ఎక్కణ్నుంచి వచ్చింది? ఎన్నికల కోసం తెచ్చిపెట్టుకున్నదా?

కాదు. 2002లో, 21 ఏళ్ల వయసులో, ఆమె హవాయి రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు. మరుసటి ఏడాది ఆర్మీ నేషనల్ గార్డ్‌లో చేరారు. 2004లో తన దళం ఇరాక్‌కు బయల్దేరుతుంటే, మళ్లీ పోటీ చేసే అవకాశం వదులుకుని తనంతట తానే వెళ్లారు. బలద్ దగ్గరి పెద్ద స్థావరంలో వైద్య విభాగంలో పనిచేశారు. గాయపడిన సైనికుల జాబితా రోజూ చూసి, అందులో హవాయి వాళ్లు ఎవరున్నారో వెతకడం తన పనుల్లో ఒకటని ఆమె చాలాసార్లు చెప్పారు. ఆ తర్వాత 2008–09లో కువైట్‌లోనూ పనిచేశారు. లేని సామూహిక విధ్వంసక ఆయుధాల పేరు చెప్పి మొదలుపెట్టిన యుద్ధం ఎవరి ఒంటి మీద పడిందో దగ్గర నుంచి చూసిన మనిషి. ఆ కోపం నటన కాదని నేను నమ్ముతాను.

2020 ప్రచారంలో ఆమె ప్రత్యేకత ఏమిటి?

ఒక్క సంఘటన చెబుతాను. 2019 జూన్ 26న మయామీలో మొదటి చర్చ. ఆ వారంలోనే అఫ్గానిస్తాన్‌లో ఇద్దరు అమెరికా సైనికులు చనిపోయారు. ఇంకా అక్కడ ఎందుకు ఉన్నామని అడిగితే, మరో అభ్యర్థి, ఒహాయో ప్రతినిధి టిమ్ ర్యాన్ అక్కడ మన పాత్ర కొనసాగాల్సిందేనన్న ధోరణిలో జవాబిచ్చారు. చనిపోయిన ఆ ఇద్దరి తల్లిదండ్రులకూ ఇదే చెబుతారా అని గబ్బార్డ్ అడ్డుకున్నారు. ఒక సైనికురాలిగా ఈ జవాబు తనకు సమ్మతం కాదన్నారు. మనం అక్కడ లేనప్పుడే వాళ్లు విమానాలతో మన భవనాలను ఢీకొట్టారని ర్యాన్ అంటే, ఆ దాడి చేసింది తాలిబన్లు కాదు, అల్ ఖైదా అని వెంటనే సరిదిద్దారు. అల్ ఖైదాకు ఆశ్రయమిచ్చింది తాలిబన్లే కదా అని ర్యాన్ పట్టు వదల్లేదు. ఆయన మాటలోనూ నిజం ఉంది. అయినా పద్దెనిమిదేళ్లు నడిచిన యుద్ధంలో శత్రువు ఎవరో కూడా పక్కాగా చెప్పలేని స్థితిలో కాంగ్రెస్ సభ్యులు ఉన్నారని ఆ రాత్రి దేశమంతా చూసింది.

చివరికి ఓట్లు మాత్రం రాలేదు. ఆమెకు దక్కిన ఇద్దరు డెలిగేట్లూ (పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధులు) ఆమె పుట్టిన అమెరికన్ సమోవా నుంచి వచ్చినవాళ్లే. 2020 మార్చి 19న తప్పుకుని బైడెన్‌కు మద్దతు ప్రకటించారు.

మాటలు సరే. సభలో ఏం చేశారు?

చాలానే చేశారు, ఇక్కడ ఆమెకు పూర్తి మార్కులు ఇవ్వాలి. 2013 ఆగస్టులో సిరియాలోని గూటాలో రసాయన దాడి జరిగాక ఒబామా సైనిక దాడికి అనుమతి కోరితే, కొత్తగా సభకు వచ్చిన ఆమె తన పార్టీ అధ్యక్షుణ్నే వ్యతిరేకించారు. ఉగ్రవాద ముఠాల చేతికి అమెరికా ఆయుధాలు చేరకుండా ఆపే బిల్లు పెట్టారు. యెమెన్ యుద్ధంలో సౌదీకి సాయం నిలిపేయాలన్న ప్రయత్నానికి తోడుగా నిలిచారు. ఆ తీర్మానం 2019లో ఉభయ సభల్లో నెగ్గినా ట్రంప్ వీటో చేశారు.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది 2018 జులైలో రిపబ్లికన్ సభ్యుడు వాల్టర్ జోన్స్‌తో కలిసి ఆమె తెచ్చిన తీర్మానం. కాంగ్రెస్ అనుమతి లేకుండా యుద్ధానికి దిగిన అధ్యక్షుణ్ని అభిశంసించవచ్చని అది ప్రకటిస్తుంది. దాని విలువ తెలియాలంటే నేపథ్యం కొంచెం తెలియాలి. అమెరికా రాజ్యాంగం ప్రకారం యుద్ధం ప్రకటించే అధికారం కాంగ్రెస్‌ది. కాంగ్రెస్ చివరిసారిగా యుద్ధం ప్రకటించింది 1942లో. ఆ తర్వాత కొరియా, వియత్నాం, ఇరాక్, అఫ్గానిస్తాన్ దేనికీ ప్రకటన లేదు. 1973 యుద్ధ అధికారాల చట్టం 60 రోజుల గడువు పెట్టినా అధ్యక్షులు దాన్ని పక్కదారి పట్టిస్తూనే వచ్చారు. ఆ జబ్బుకు అభిశంసన ఒక్కటే మందు అని చెప్పడానికి ధైర్యం కావాలి. తీర్మానం ముందుకు కదల్లేదన్నది వేరే సంగతి.

2020 జనవరిలో బాగ్దాద్ విమానాశ్రయం దగ్గర ఇరాన్ జనరల్ సులేమానీని ట్రంప్ చంపించినప్పుడు కూడా అది యుద్ధ చర్య, రాజ్యాంగ ఉల్లంఘన అని ఆమె సూటిగా అన్నారు. ఈ మాట గుర్తుంచుకోండి, కింద పనికొస్తుంది.

మరి 'సగం కాదు' అనడానికి ఆధారం ఏమిటి?

ఆమె మాటే ఆధారం. ఉగ్రవాదుల మీద యుద్ధం అయితే తాను డేగనని (అంటే దాడికి సై అనేదాన్నని), ప్రభుత్వాలను కూల్చే యుద్ధాల విషయంలో పావురాన్నని (అంటే శాంతి కోరేదాన్నని) 2016లో హవాయి పత్రిక ఒకదానికి చెప్పారు. దాచిందేమీ లేదు. వినాల్సినవాళ్లు సగమే విన్నారు.

2015 శరదృతువులో రష్యా సిరియా మీద బాంబుదాడులు మొదలుపెట్టినప్పుడు ఆమె ట్విటర్‌లో రాసింది చూడండి. అల్ ఖైదా మీద ఒబామా బాంబులు వేయడం లేదని, పుతిన్ వేశాడని మెచ్చుకోలుగా రాశారు. ఇది యుద్ధ వ్యతిరేకి రాసే వాక్యం కాదు. ఆ కాలంలోనే ఒబామా 'ఇస్లామిక్ ఉగ్రవాదం' అనే మాట వాడడం లేదని టీవీల్లో పదేపదే విమర్శించారు. సైన్యం అక్కడే తిష్ఠ వేయకూడదు కానీ, చిన్న ప్రత్యేక దళాలు మెరుపులా వెళ్లి దెబ్బకొట్టి రావాలన్నది ఆమె సూత్రం.

ఉగ్రవాదులను కొడితే తప్పేంటి? అది ఆత్మరక్షణే కదా?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. కొంచెం ఓపిగ్గా చెప్పుకోవాలి.

మొదట చట్టం సంగతి. 2001 తీర్మానంలోని అసలు వాక్యం అరవై పదాలది. సెప్టెంబరు 11 దాడులు చేసినవాళ్ల మీద, వాళ్లకు సాయం చేసినవాళ్ల మీద బలప్రయోగానికి అది అధ్యక్షుడికి అనుమతి ఇస్తుంది. దేశాల పేర్లు లేవు, గడువు లేదు. ఆ వాక్యాన్ని పట్టుకునే బుష్, ఒబామా, ట్రంప్, బైడెన్ అఫ్గానిస్తాన్ నుంచి యెమెన్, సోమాలియా, లిబియా, సిరియాల దాకా వెళ్లారు. 2001లో పుట్టని ఐసిస్ మీద యుద్ధానికీ అదే అనుమతి చాలిందన్నారు. అంటే 'ఉగ్రవాదులను మాత్రమే' అనే గీత ఎక్కడ ఆగుతుందో గీసేవాడి ఇష్టం.

రెండోది, ఆకాశం నుంచి చూసినప్పుడు ఎవరు ఉగ్రవాదో ఎలా తెలుస్తుంది? 2021 ఆగస్టు 29న కాబూల్‌లో ఏం జరిగిందో చూడండి. ఒక తెల్ల టయోటా కరోలా కారును అమెరికా డ్రోన్ దాదాపు ఎనిమిది గంటలు వెంటాడింది. కారు ఆగిన ప్రతి చోటూ అనుమానంగానే కనిపించింది. డిక్కీలో ఎక్కించినవి పేలుడు పదార్థాలనుకున్నారు. సాయంత్రం కారు ఇంటి ముంగిట్లోకి వస్తుంటే, నాన్న వచ్చాడని పిల్లలు ఎదురెళ్లారు. అప్పుడే క్షిపణి పేల్చారు. పది మంది చనిపోయారు, వాళ్లలో ఏడుగురు పిల్లలు. ఆ డ్రైవరు ఒక అమెరికన్ సహాయ సంస్థ ఉద్యోగి. డిక్కీలోనివి నీళ్ల క్యాన్లు. అది సరైన దాడేనని మొదట సమర్థించుకున్న పెంటగాన్, పత్రికలు కూపీ లాగాక, సెప్టెంబరు 17న ఘోర తప్పిదమని ఒప్పుకుంది. ఎవరికీ శిక్ష పడలేదు.

తిష్ఠ వేయకుండా దెబ్బకొట్టి రావడం అంటే ఆచరణలో ఇలా ఉంటుంది. సొంత సైనికులు చావరు కాబట్టి అమెరికాలో ఎవరూ వీధికెక్కరు, యుద్ధం ఎన్నేళ్లయినా సాగుతుంది. గబ్బార్డ్ విధానంలో పెద్ద లోపం ఇదే అని నా గట్టి అభిప్రాయం. ప్రభుత్వాన్ని కూల్చే యుద్ధానికి ఒక మొదలూ ఒక చివరా కనిపిస్తాయి. ఈ రకం యుద్ధానికి చివర ఉండదు.

అసద్‌ను ఎందుకు కలిశారు? ఆమె అసద్ మనిషా?

2017 జనవరిలో సిరియా వెళ్లి, అప్పటి సిరియా అధ్యక్షుడు బషర్ అల్ అసద్‌ను కలిశారు. శాంతి కావాలంటే శత్రువుతోనూ మాట్లాడాలన్నది ఆమె వాదన, అందులో తప్పు లేదు. అమెరికా అధ్యక్షులు స్టాలిన్‌తో, మావోతో మాట్లాడినవాళ్లే.

తప్పు ఆ తర్వాత జరిగింది. ఆ ఏప్రిల్ 4న ఖాన్ షేఖూన్‌లో విషవాయు దాడి జరిగింది. మూడు రోజులకు ట్రంప్ 59 టోమహాక్ క్షిపణులు ప్రయోగించారు. ఆ ప్రయోగాన్ని గబ్బార్డ్ వ్యతిరేకించారు, సరే. కానీ దాడి చేసింది అసద్ ప్రభుత్వమేనా అని అనుమానం కూడా వ్యక్తం చేశారు. ఐక్యరాజ్యసమితి, రసాయన ఆయుధాల నిషేధ సంస్థల సంయుక్త విచారణ ఆ అక్టోబరులో సిరియా ప్రభుత్వమే బాధ్యురాలని తేల్చింది. అసలు ఆమెకు ఆ అనుమానం అవసరమే లేదు. 'అసద్ హంతకుడే, అయినా అమెరికా క్షిపణుల వల్ల సిరియన్లకు మేలు జరగదు' అని చెప్పి ఉంటే ఆమె వాదన ఇంకా బలంగా నిలబడేది. యుద్ధం వద్దనడానికి ఎదుటివాడి నేరాన్ని చిన్నది చేయనక్కర్లేదు. ఆమె మీద నమ్మకం పోయినవాళ్లకు ఎక్కువగా ఇక్కడే పోయింది.

రష్యా ఏజెంట్ అంటారు కదా?

దానికి బహిరంగంగా ఎవరూ రుజువు చూపలేదు. 2019 అక్టోబరులో హిల్లరీ క్లింటన్ అలాంటి అర్థం వచ్చేలా మాట్లాడితే గబ్బార్డ్ పరువు నష్టం దావా వేశారు, తర్వాత వెనక్కి తీసుకున్నారు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద దాడి మొదలైన రోజు, నాటో విషయంలో రష్యా భద్రతా ఆందోళనలను బైడెన్, నాటో గుర్తించి ఉంటే యుద్ధం తప్పేదని రాశారు. దండెత్తినవాడి తప్పును వదిలేసి ఇలా రాయడం నాకు నచ్చలేదు. నచ్చకపోవడం వేరు, గూఢచారి అనడం వేరు.

హిందువు కావడానికీ, ఆమె విదేశాంగ విధానానికీ సంబంధం ఉందా?

ముందుగా, ఆమె భారత సంతతి కాదు. ఆమెది సమోవన్, యూరోపియన్ మూలాలున్న కుటుంబం. 2014లో మోదీ న్యూయార్క్ వచ్చినప్పుడు, తాను ప్రమాణం చేసిన గీత ప్రతినే ఆయనకు కానుకగా ఇచ్చారు. భారత్‌లో మత స్వేచ్ఛ మీద 2013లో ప్రతినిధుల సభలో వచ్చిన తీర్మానాన్ని వ్యతిరేకించారు. 2015లో ఈజిప్టు అధ్యక్షుడు సిసీని కలిసి మెచ్చుకున్నారు. సౌదీ పాలకుల మీద మాత్రం నిప్పులు చెరిగారు. కాబట్టి ఏ ప్రభుత్వాన్ని ఎప్పుడు వేలెత్తి చూపాలన్న విషయంలో ఆమెకు ఇష్టాయిష్టాలు ఉన్నాయి. వాటికి మతమే కారణమని తేల్చేయడం అన్యాయం. గీత పట్టుకుంది కాబట్టి శాంతిమూర్తి అని మనవాళ్లు అనుకోవడం కూడా అంతే అన్యాయం. కురుక్షేత్రంలో చెప్పిన గ్రంథం అది.

ఇంతకుముందు ఇలా చెప్పి గెలిచినవాళ్లు ఏం చేశారు?

1916లో 'మనల్ని యుద్ధానికి దూరంగా ఉంచాడు' అన్న నినాదంతో విల్సన్ గెలిచి, 1917 ఏప్రిల్‌లో జర్మనీ మీద యుద్ధానికి దిగాడు. ఆసియా కుర్రాళ్లు చేయాల్సిన పనికి అమెరికా కుర్రాళ్లను పంపబోమని 1964 అక్టోబరులో చెప్పిన జాన్సన్, మరుసటి ఏడాదే వియత్నాంకు పోరాట దళాలను పంపాడు. 2000లో వినయంగా ఉండే విదేశాంగ విధానం కావాలన్న చిన్న బుష్, 2003లో ఇరాక్ మీదికి దండెత్తాడు. 2002లో ఇరాక్ యుద్ధాన్ని వ్యతిరేకించి పేరు తెచ్చుకున్న ఒబామా లిబియా మీద బాంబులు వేశాడు. అయితే ఒబామా 2008 ప్రచారంలోనే అఫ్గానిస్తాన్‌కు అదనపు దళాలు పంపుతానని చెప్పాడు. జనం ఆ భాగం వినలేదు. గబ్బార్డ్ విషయంలో జరిగిందీ అదే.

2025లో ఇరాన్ విషయంలో ఏం జరిగింది?

2022లో డెమోక్రటిక్ పార్టీని వీడి, 2024లో ట్రంప్‌కు మద్దతిచ్చి, 2025 ఫిబ్రవరి 12న 52–48 ఓట్లతో జాతీయ నిఘా విభాగాల డైరెక్టరయ్యారు. మార్చి 25న సెనేట్ కమిటీ ముందు, ఇరాన్ అణ్వాయుధం తయారు చేయడం లేదన్నదే నిఘా సంస్థల అంచనా అని చెప్పారు. జూన్ 10న, హిరోషిమా చూసి వచ్చాక, యుద్ధోన్మాదులైన పెద్దలు ప్రపంచాన్ని అణు వినాశనం అంచుకు తెస్తున్నారని వీడియో పెట్టారు. మూడు రోజులకు ఇజ్రాయెల్ ఇరాన్ మీద దాడి మొదలుపెట్టింది.

జూన్ 17న, ఆమె చెప్పింది తనకు అనవసరమని ట్రంప్ విలేకరులతో అన్నారు. 20న ఆమె చెప్పింది తప్పన్నారు. అదే రోజు గబ్బార్డ్, మీడియా తన మాటలను వక్రీకరించిందని, ఇరాన్ తలచుకుంటే వారాల్లోనో నెలల్లోనో ఆయుధం తయారు చేయగలదని రాశారు. 22న అమెరికా బీ–2 బాంబర్ విమానాలు ఇరాన్ అణు కేంద్రాలైన ఫోర్డో, నతాంజ్‌ల మీద భారీ బాంబులు వేశాయి, ఇస్ఫహాన్‌ను క్షిపణులతో కొట్టారు. కాంగ్రెస్ ఓటు లేదు. 23న ఇరాన్ ఖతార్‌లోని అమెరికా సైనిక స్థావరం అల్ ఉదైద్ మీదికి క్షిపణులు వదిలింది, ఖతార్ గగనతలం మూసేసింది. ఖతార్, కువైట్‌లలో పనిచేసే మన కరీంనగర్, నిజామాబాద్, గోదావరి జిల్లాల వాళ్ల ఇళ్లలో ఆ వార్త ఎంత ఆదుర్దా తెచ్చి ఉంటుందో వేరే చెప్పాలా? అమెరికా అభ్యర్థి నిజాయితీ మనకెందుకని అడిగేవాళ్లకు నా జవాబు ఇదే.

ఆమె అప్పుడు రాజీనామా చేయాల్సిందా?

చేయాల్సింది. పదవిలో ఉండి లోపలి నుంచి ఆపుతారని ఆమె అభిమానులు అంటారు. కానీ ఆ జూన్‌లో ఆమె ఆపలేదు, ఆపే ప్రయత్నం బయటికి కనిపించనూ లేదు. పైగా తన మార్చి సాక్ష్యానికి ట్రంప్ కోరుకున్న అర్థం వచ్చేలా సవరణ ఇచ్చారు. సులేమానీ హత్య రాజ్యాంగ ఉల్లంఘన అయితే, ఒక దేశపు అణు కేంద్రాల మీద కాంగ్రెస్ అనుమతి లేకుండా బాంబులు వేయడం ఏమవుతుంది?

ఇలా తప్పుకున్నవాళ్లు అమెరికా చరిత్రలో లేకపోలేదు. 1915 జూన్‌లో, లుసిటేనియా ఓడను జర్మనీ ముంచాక ఆ దేశానికి విల్సన్ రాసిన కఠినమైన లేఖ యుద్ధానికి దారితీస్తుందని విదేశాంగ మంత్రి విలియం జెన్నింగ్స్ బ్రయాన్ రాజీనామా చేశాడు. 1980 ఏప్రిల్‌లో టెహ్రాన్‌లోని అమెరికా బందీలను విడిపించడానికి కార్టర్ తలపెట్టిన సైనిక చర్య నచ్చక, అది నెగ్గినా ఓడినా తప్పుకుంటానని ముందే చెప్పి విదేశాంగ మంత్రి సైరస్ వాన్స్ పదవి వదులుకున్నాడు. వాన్స్ అయితే యుద్ధ వ్యతిరేకినని ఊరూరా తిరిగి ఓట్లు అడిగినవాడు కూడా కాదు. గబ్బార్డ్‌కు అంత పేరు వచ్చిందే ఆ మాట మీద.